వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి

శ్రోతలకు నమస్కారం. పాత లారీల్లో వచ్చే కరెంటు తిప్పల గురించి మాట్లాడమన్నారు. ఇచ్చింది ఐదు నిమిషాలు. అంతలో లారీ వైరింగంతా విప్పి చూపించలేను గానీ, ఒక్క తీగ గురించి చెప్తాను. ఎర్త్ తీగ.

మా బావకి 2004 మోడల్ లారీ ఒకటుంది. విశాఖ పోర్టు నుంచి బొగ్గు తోలుతుంది. పోయిన వానాకాలం ఒక తెల్లవారుజామున కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఒక మూలుగు, అంతే. హారన్ మోగుతోంది, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి, ఇంజను మాత్రం తిరగదు. వెనకాల వరసగా లారీలు. ఆ టెన్షన్ పడినవాళ్ళకే తెలుస్తుంది.

బ్యాటరీలు పోయాయన్నారు. లారీకి 12 వోల్టులవి రెండు కలిపి 24 వోల్టులు. రెండూ కొత్తవి వేయించాడు. నాలుగు రోజులు నడిచింది, మళ్ళీ మూలుగు. సెల్ఫ్ మోటారు దింపి కార్బన్లు మార్చారు. వారం నడిచింది, మళ్ళీ మూలుగు. "లారీనైనా అమ్మండి, నన్నైనా పుట్టింటికి పంపండి" అంది మా అక్క.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. డ్రైవర్ని అడిగాడు: "సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంకేదైనా వేడెక్కుతోందేటి బాబూ?"

డ్రైవర్ బుర్ర గోక్కున్నాడు. "యాక్సిలరేటర్ కేబుల్ చెయ్యి కాలేలా ఉంటోందండీ."

ఇన్నాళ్ళూ ఆ మాట ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. నిజమే, మేమూ అడగలేదు.

పెద్దాయన నవ్వి, "ఎళ్ళిన కరెంటు తిరిగి రావాలి కదేటి" అన్నాడు. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్ళిన కరెంటు ఇంజను మీదుగా, ఛాసిస్ మీదుగా, అంటే లారీ కింది ఇనుప చట్రం మీదుగా, మళ్ళీ బ్యాటరీకి చేరాలి. కానీ ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. నేను చెప్పిన ఎర్త్ తీగ అదే. మా లారీలో ఆ పట్టీ బోల్టు కింద తుప్పు. పెద్ద దారి మూసుకుపోయేసరికి కరెంటు సందుదారి వెతుక్కుంది. ఆ సందుదారే యాక్సిలరేటర్ కేబుల్!

మరి లైట్లు ఎలా వెలిగాయి? కరెంటుకి తగిలే అడ్డుని ఓముల్లో కొలుస్తారు. ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు చాలు, సెల్ఫ్ లాగే 300 ఆంపియర్లకి 6 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. బ్రేకు బల్బు కరెంటు ఛాసిస్ మీదుగా నేరుగా తిరిగొస్తుంది, ఈ పట్టీ దాకా రానే రాదు; వచ్చినా అది లాగేది ఒక ఆంపియర్ లోపే, ఆ అడ్డు దానికి తెలియనే తెలియదు. కాబట్టి లైట్లు వెలిగాయని ఎర్త్ బాగుందనుకోకండి. కొత్త బ్యాటరీ కొన్నాళ్ళు తన బలంతో లాక్కొస్తుంది, అదీ నమ్మకండి.

మన విశాఖలో ఈ బాధ ఎక్కువే. సముద్రపు గాలికి ఇంట్లో కిటికీ ఊచలే ఆగవు, రోడ్డు బురదలో తిరిగే బోల్టు ఏం ఆగుతుంది? పైగా ఛాసిస్‌కి రంగు వేయించేటప్పుడు లగ్గు కింద, అంటే పట్టీ కొసన బోల్టు దూరే లోహపు కన్ను కింద కూడా పూసేస్తారు. రంగు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు.

మీరు చేయగల పని ఒకటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, వోల్టు మీటరు ఒక కొన ఛాసిస్‌కి తగిలించిన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన ఇంజను ఒంటికి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు లోపు చూపిస్తే బాగున్నట్టు. మాకు 6 చూపించింది. మీటరు లేకపోతే, లావుపాటి జంపర్ కేబుల్‌తో ఛాసిస్‌కి తగిలించిన ఆ నెగటివ్‌నీ ఇంజనునీ కలిపి సెల్ఫ్ కొట్టండి. గిర్రున తిరిగిందా, దొంగ దొరికినట్టే. పట్టీ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, మళ్ళీ ఆఖరున తగిలించాలి. లగ్గూ ఛాసిస్సూ మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దండి. ఉప్పుగాలి చేసిన పాపానికి ఉప్పు కాగితమే విరుగుడు! బిగించాక పైన గ్రీజు రాయండి.

పాత బ్యాటరీలని మా అక్క షాపువాడికి ఇవ్వనివ్వలేదు. 'పోయిన' వాటిలో ఒకటి ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టించింది. మొన్న రాత్రి కరెంటు పోతే మా బావ దాని మీదే ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.