ఒక్కోసారి స్టార్ట్ అవ్వని కారు: మొరాయించిన ఆ రెండు నిమిషాల్లో ఏం చూడాలి?

(డ్యాష్‌బోర్డు దగ్గరి షాట్. తాళం తిప్పుతున్న చెయ్యి. "టక్" అని ఒక్క శబ్దం. మళ్లీ తిప్పితే ఇంజన్ స్టార్ట్.)

విన్నారు కదా? మొదటిసారి టక్‌మని ఊరుకుంది. రెండోసారి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోయింది. పూర్తిగా ఆగిపోయిన బండిని బాగుచెయ్యడం తేలికే. తంటా అంతా ఇలాంటిదానితోనే. వారమంతా బుద్ధిగా నడుస్తుంది. ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకుని వచ్చి, వెనక నాలుగు బళ్లు హారన్ కొడుతుంటే సరిగ్గా అప్పుడే మొండికేస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే మళ్లీ ఒక్క తాళానికే స్టార్ట్! మేస్త్రి మన మొహం కేసి చూసి, "బానే ఉంది కదా బాబూ, ఏటి సూడమంటారు?" అంటాడు. ఆయన మాత్రం లేని లోపాన్ని ఎక్కడని వెతుకుతాడు?

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం వైపు కార్లు నడిపేవాళ్ల కోసం ఈ వీడియో.

బండి మొరాయించగానే మనం చేసే పని తాళం పదిసార్లు తిప్పడం. ఎలాగో స్టార్ట్ అయితే హమ్మయ్య అనుకుని వెళ్లిపోతాం. మర్నాడు ఎవరో చెప్పారని బ్యాటరీ మారుస్తాం. నెల తిరిగాక సెల్ఫ్ మోటారు, అంటే ఇంజన్ని తిప్పి లేపే మోటారు. ఆ తర్వాత ఏదో సెన్సరు. డబ్బులు పోతాయి గానీ లోపం పోదు. ఎందుకంటే లోపం కనిపించేది మొరాయించిన ఆ కాసేపే, ఆ కాసేపూ మనం టెన్షన్‌లో ఉండి ఏమీ చూడం. కాబట్టి రెండోసారి తాళం తిప్పేముందు కాస్త ఆగండి. ఫోన్ తీసి వీడియో ఆన్ చెయ్యండి. మీటర్లు, లైట్లు కనపడాలి, శబ్దం వినపడాలి. తర్వాత మీరు నోటితో ఎంత చెప్పినా ఆ అర నిమిషం వీడియోకి సాటి రాదు.

ముందు తేల్చుకోవాల్సింది, సెల్ఫ్ తిరిగిందా లేదా అని. తాళం తిప్పితే ఇంజన్ రుయ్ రుయ్‌మని తిరుగుతూ కూడా అందుకోకపోతే అది ఒక దారి. అసలు తిరగనే తిరగకపోతే వేరే దారి. చక్కగా జోరుగా సెల్ఫ్ తిరిగే బండికి కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు. సెల్ఫే తిరగని బండికి ఫ్యూయల్ పంపు మార్చినా లాభం లేదు. మెకానిక్‌కి ఫోన్ చేసి "స్టార్ట్ అవ్వట్లేదండీ" అని ఊరుకుంటే ఆయనకి ఏమీ చెప్పనట్టే.

(హెడ్‌లైట్లు వేసి ఉన్న కారు, ఎదురుగా గోడ)

సెల్ఫ్ తిరగని సంగతి ముందు చూద్దాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, హెడ్‌లైట్లు ఆన్ చేసి తాళం తిప్పండి. లైట్లు బాగా డల్ అయిపోయినా, టకటకటకమని వరసగా కొట్టుకున్నా బ్యాటరీలో దమ్ము లేదు, లేదా ఉన్న దమ్ము సెల్ఫ్ దాకా చేరట్లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఉండి, టక్‌మని ఒకే ఒక్క శబ్దం వస్తే సెల్ఫ్ మీద ఉండే సొలినాయిడ్‌ని, అంటే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చుని అనుమానించాలి. లైట్లూ తగ్గలేదు, శబ్దమూ లేదంటే, తాళం చెప్పిన మాట సెల్ఫ్‌కి అందలేదన్నమాట. అంటే తాళం వెనకుండే ఇగ్నిషన్ స్విచ్చో, కరెంటుని కలిపే రిలే అనే చిన్న డబ్బా స్విచ్చో, ఫ్యూజో, వైరో. కొన్ని కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొడుతుంది. పెడల్ కింద ఉండే ఆ చిన్న స్విచ్చు అరిగినా ఇదే తంతు. ఫ్లోర్ మ్యాట్ ముడుచుకుపోయి పెడల్ కిందికి దిగకపోయినా ఇదే! నవ్వకండి, ముందు మ్యాట్ లాగి చూడండి. ఆటోమేటిక్ గేరు బండైతే లివర్‌ని పార్కింగ్ నుంచి న్యూట్రల్‌కి మార్చి మళ్లీ ప్రయత్నించండి. న్యూట్రల్‌లో స్టార్ట్ అయితే గేరు స్విచ్చు దగ్గరే తేడా ఉంది.

(దగ్గరి షాట్: బ్యాటరీ టెర్మినల్)

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఈ బండి కళింగపట్నం దగ్గరలోని ఊరిది. సముద్రపు గాలి తగిలే చోటే రోజూ నిలబడుతుంది. క్లాంపు అంచున తెల్లగా పిండిలా, వైరు మొదట్లో పచ్చగా చిలుము చూశారా? ఇది పైకి కనిపించేది. దొంగ లోపలుంటాడు. బ్యాటరీ మీది సీసపు పోల్‌కీ, దాన్ని పట్టుకున్న క్లాంపుకీ మధ్య సన్నటి పొర కడుతుంది. లైట్లకి, పాటలకి నాలుగైదు ఆంపియర్లో పదో చాలు, ఆ పొర గుండానే నెట్టుకొచ్చేస్తాయి. సెల్ఫ్‌కి వందకి పైగా ఆంపియర్లు కావాలి. అక్కడ దారి చాలదు. గతుకులో పడి క్లాంపు కొంచెం కదిలి కొత్తచోట తగులుకుంటే మళ్లీ కొన్నాళ్లు బాగానే ఉంటుంది. "బానెట్ ఎత్తి ఊరికే అలా ముట్టుకున్నాను, స్టార్ట్ అయిపోయింది" అని చాలామంది అనేది దీని గురించే.

దీన్ని ఊహించక్కర్లేదు, కొలవచ్చు. మామూలు డిజిటల్ మీటరు చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక పిన్ను మధ్యలో ఉన్న సీసం మీద, రెండో పిన్ను క్లాంపు మీద ఆనించండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రెండూ తగులుకునే ఉన్నాయి కాబట్టి మీటరు సున్నాకి దగ్గరగా ఉండాలి. ఇక్కడ చూడండి.

(మీటరు మీద అంకెలు: 1.8)

దాదాపు రెండు వోల్టులు ఈ వెంట్రుకవాసి సందులోనే పోతున్నాయి! ఇలాంటి బండికి షాపువాడు కొత్త బ్యాటరీ బిగించినా కొన్నాళ్లు బాగుంటుంది. బిగించేటప్పుడు క్లాంపు గీకి పెడతాడు కదా, అందుకు.

ఇదే పరీక్ష ఎర్త్‌కి, అంటే కరెంటు ఇంజన్, బాడీల గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారికి కూడా చెయ్యాలి. ఒక పిన్ను బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందనో, బోల్టు వదులైందనో అర్థం. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఆ పట్టీని ఎవరూ పట్టించుకోరు. భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్ల బళ్లకి నేనైతే ముందు దీన్నే చూస్తాను.

శుభ్రం చెయ్యడం పెద్ద పనేం కాదు. నెగెటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో తోమి, తుడిచి, బాగా ఆరాక గరుకు కాగితంతో పోల్‌నీ క్లాంపు లోపలి వైపునీ మెరిసేలా రుద్దండి. గట్టిగా బిగించాక పైన పల్చగా వ్యాజిలిన్. చేతికి తొడుగు వేసుకోండి, బ్యాటరీలో ఉండేది యాసిడ్. పక్కన బీడీ, సిగరెట్ వద్దు, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది. ఒక్క జాగ్రత్త. డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగి ఉంటే, టెర్మినల్ విప్పేముందే, కారు కంప్యూటరు దాచుకున్న లోపాల కోడ్లని చదివే స్కానర్ పెట్టించండి. బ్యాటరీ విప్పితే చాలా బళ్లలో దాచుకున్న కోడ్లు చెరిగిపోతాయి. చేతికి దొరికిన ఆధారాన్ని మనమే కడిగేసినట్టు అవుతుంది.

బ్యాటరీ సంగతి గబగబా చెప్పేస్తాను. రాత్రంతా ఆగిన బండికి ఉదయం 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు చాలా బళ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. అప్పుడు కూడా 12 దగ్గరే ఉండిపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమో ఛార్జ్ చెయ్యట్లేదు.

ఇంకో రకం మన జిల్లాల్లో మామూలే. అబ్బాయి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు, కారు ఊళ్లో అమ్మానాన్నల దగ్గర. పండక్కి వచ్చి తాళం తిప్పితే చప్పుడుండదు. ఛార్జ్ పెట్టిస్తే పండగ మూడు రోజులూ బాగా తిరుగుతుంది. సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి, ఇదే వరస. బండి తాళం వేసి ఉన్నా గడియారం, అలారం లాంటివి కొంచెం కరెంటు తాగుతాయి. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమో, డ్యాష్ కెమెరానో సరిగ్గా ఆఫ్ అవ్వక అర ఆంపియర్ లాగిందనుకోండి, రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజులకే సగానికి పైగా ఖాళీ. నెలల తరబడి ఆపేటట్టయితే నెగెటివ్ విప్పి ఉంచడమే మేలు. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపెయ్యమని నాన్నగారికి ఫోన్‌లో చెప్పడం వల్ల ఒరిగేదేం లేదు. రోజుల తరబడి తగ్గిన ఛార్జ్ ఆ ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు. పక్కన కళ్లం, గడ్డిమేటు ఉన్న ఇళ్లయితే బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి. సగం తెగిన వైరు ఒకరోజు తగులుతుంది, ఒకరోజు తగలదు.

(సెల్ఫ్ మోటారు విప్పిన షాట్. లోపలి రాగి ముక్కలు.)

ఇందాక ఒక్క టక్ శబ్దం అన్నాం కదా. సొలినాయిడ్ లోపల రాగి ముక్కలు రెండు, వాటిని కలిపే బిళ్ల ఒకటి ఉంటాయి. తాళం తిప్పినప్పుడల్లా బిళ్ల వచ్చి తగిలి, నిప్పురవ్వ లేచి కొంచెం కొంచెం కాలిపోతాయి. ఈ గుంటలు చూడండి. బిళ్ల గుంట మీద పడితే టక్‌మని ఆగిపోతుంది, బాగున్న చోట పడితే స్టార్ట్. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగినా ఇంతే. అలాంటప్పుడు ఒకరు తాళం తిప్పి పట్టుకుంటే, ఇంకొకరు సెల్ఫ్ బాడీ మీద స్పానరు పిడితో మెల్లగా రెండు తట్లు తడతారు. తిరిగిందా, లోపం సెల్ఫ్‌లోనే. ఇది మందు కాదు, పరీక్ష మాత్రమే. బండి కిందికి దూరి మాత్రం చెయ్యొద్దు. మోటారు మొత్తం కొత్తది కొనమంటే ఆగండి. చాలావరకు కార్బన్లు, సొలినాయిడ్ విడిగా దొరుకుతాయి, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ మార్చి ఇస్తాడు.

ఇక రెండో దారి. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు.

ముందు తాళం బొమ్మ ఉన్న లైటు చూడండి. అది గబగబా కొట్టుకుంటూనే ఉంటే, దొంగతాళంతో బండి స్టార్ట్ అవ్వకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. రెండు తాళాలూ ఒకే గుత్తికి వెయ్యకండి, ఒకదానికొకటి అడ్డు తగలొచ్చు. బటన్ స్టార్ట్ బండైతే రిమోట్‌లో చిన్న సెల్ అయిపోయిందేమో. చాలా బళ్లలో రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే పని జరుగుతుంది. ఈ రకం లోపానికి నలుగురూ కలిసి ఎంత తోసినా స్టార్ట్ అవ్వదు, ఊరికే ఆయాసం.

పెట్రోలు బండైతే తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా వినండి. వెనక సీటు వైపు రెండు మూడు సెకన్లు జుయ్‌మని పంపు శబ్దం రావాలి. అది ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోతే పంపో, దాని రిలేనో. ఫ్యూజు డబ్బాలో అదే నంబరున్న రిలే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేని పరీక్ష. ఎప్పుడూ రిజర్వులోనే నడిపేవాళ్లకి పంపు తొందరగా పోతుంది. ట్యాంకులో ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరిచేది.

తర్వాత ఆర్‌పీఎం ముల్లు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ చాలా బళ్లలో అది కొద్దిగా లేస్తుంది. ఇంతకుముందు లేచే ముల్లు ఇప్పుడు కదలకపోతే, ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి. ఇది ఎండల్లో ఎక్కువగా బయటపడుతుంది. విశాఖ నుంచి ఆపకుండా వచ్చి రణస్థలంలో టీ కోసం ఆగుతారు. పావుగంట తర్వాత ఎంత తిప్పినా అందుకోదు. ఇంకో అరగంట పోయాక మామూలే. నడుస్తున్నప్పుడు గాలి, నీళ్లు ఇంజన్ని చల్లబరుస్తుంటాయి. ఆపగానే ఆ రెండూ ఆగి, బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. లోపలి తీగ బీట తీసిన సెన్సరు ఆ వేడికి పనిచెయ్యడం మానేస్తుంది, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. స్కానర్‌లో పీ0335 అని కోడ్ కనిపిస్తే లోపం ఆ సెన్సరు దగ్గరో, దాని వైర్లలోనో ఉన్నట్టు. సెన్సరు కొనేముందు దాని కనెక్టరు, వైరు చూడమనండి.

డీజిల్ బండి ఉదయం పూటే మొండికేసి, కొండదారిలో ముక్కు పైకి పెట్టి ఆపినప్పుడు ఇంకా ఎక్కువ చేస్తుంటే, పైపులో ఎక్కడో గాలి దూరుతోంది. డీజిల్‌ని ముందుకి నెట్టే చేతి పంపు నొక్కగానే స్టార్ట్ అయితే ఫిల్టరు దగ్గరి క్లిప్పులు, పైపులు చూడాలి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట. 2014 హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, వీటి తర్వాత కూడా మనకి వరదలు, తుపాన్లు వస్తూనే ఉన్నాయి. నీటిలో నిలబడిన బండిలో కనెక్టర్లకి చిలుము నెలల తర్వాత పడుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి.

(రాత్రి, హైవే పక్కన హజార్డ్ లైట్లతో కారు)

పదహారో నంబరు హైవే మీద ఆగిపోతే బండిని ఎడమ పక్కకి నెట్టి, మనుషులు బండి దిగి రోడ్డుకి దూరంగా నిలబడండి. 1033కి ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. ఇంకో బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఎర్ర వైరు పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి, నల్ల వైరు మంచి బ్యాటరీ నెగెటివ్ నుంచి మన ఇంజన్ ఇనుముకి.

షెడ్డులో అప్పగించేటప్పుడు ఆ వీడియో చూపించండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుందంటే ముందురోజు రాత్రే బండి అక్కడ వదిలెయ్యండి, మొదటి తాళం ఆయన్నే తిప్పనివ్వండి. వేడెక్కాక మొరాయించే బండైతే మధ్యాహ్నం తిప్పి తిప్పి తీసుకెళ్లండి. ఏ పార్టు మార్చినా, అది పోయిందని ఏ పరీక్షలో తేలిందో అడగండి. పాత పార్టు ఇమ్మని ముందే చెప్పి ఉంచండి, డిక్కీలో పడేసుకుని తెచ్చుకోండి. లోపం మళ్లీ వస్తే ఆ పాత పార్టునే తిరిగి బిగించి చూడొచ్చు.