బోటు ఇంజన్‌కి రేకర్ 500 డీజిల్ ఫిల్టర్: కొనొచ్చా? ఎలిమెంట్ ఎలా మార్చాలి?

నమస్తే అండి. ఇదిగో, ఈరోజు టేబుల్ మీద ఉన్నది రేకర్ 500 సిరీస్ ఫిల్టర్. పార్కర్ కంపెనీది. డీజిల్లోంచి నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ ఇది. ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్య లైన్లో బిగిస్తారు. ఇంజన్ మీద కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ ఎలాగూ ఉంటుంది కదా, అది తీసేసి ఇది పెట్టుకోవడం కాదు. రెండూ ఉండాలి. ముందు ఇది, తరవాత అది.

"మా ఇంజన్‌కి సరిపోతుందా అన్నా" అని చాలామంది అడిగారు. దీంట్లోంచి గంటకు 227 లీటర్ల దాకా డీజిల్ వెళ్ళగలదు. వంద హెచ్‌పి ఇంజన్ ఫుల్ లోడ్‌లో నడిచినా తాగేది గంటకు ఇరవై లీటర్ల చిల్లర. రిటర్న్ లైన్లో ట్యాంకుకి వెనక్కి పోయేది కలుపుకున్నా ఇబ్బంది లేదు. మన సోనా బోటుకి, అంటే వల లాగే మర పడవకి, ధారాళంగా సరిపోతుంది.

అసలు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? డెక్కు మీద డీజిల్ పోసే మూత వదులైతే కెరటం నీళ్ళు దిగుతాయి. డ్రమ్ముల్లో తెచ్చి పోసినప్పుడు అడుగునున్న నీళ్ళూ మడ్డీ వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్నప్పుడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలో తేమ రాత్రిపూట రేకుకి పట్టి, చుక్కలై అడుగుకి చేరుతుంది. డీజిలూ నీళ్ళూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ట్యాంకు నింపి ఉంచితే ఇది చాలా తగ్గుతుంది. రెండు నెలలు అంత డబ్బు ట్యాంకులో పడి ఉండటం ఎవరికి ఇష్టం చెప్పండి? అందుకే ఎవరూ నింపరు, నాకు తెలుసు.

బోటు హార్బర్లో ఉన్నంతసేపు ఆ జిగురు కదలదు. మొగ, అంటే సముద్రంలోకి దారి తీసే ముఖద్వారం, దాటేటప్పుడు కెరటాలకి ట్యాంకు కుదిపితే మొత్తం పైకి లేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతుంది. స్లోలో ఇంజన్ బాగానే కొడుతుంది, రేజ్ చేస్తే మాత్రం ఆర్‌పీఎం పడిపోతుంది. ఇసుక మేట మీద, పక్కనుంచి కెరటం కొడుతుండగా ఇంజన్ ఆగిపోతే ఏమవుతుందో బోటు నడిపే సరంగులకి నేను చెప్పక్కర్లేదు.

సరే, ఎలిమెంట్, అంటే ఫిల్టర్ లోపలుండే వడపోత ముక్క, మార్చే పద్ధతి చూద్దాం. ఇంజన్ ఆపండి. ట్యాంకు ఫిల్టర్ కన్నా ఎత్తులో ఉంటే ట్యాంకు వాల్వు మూసేయండి, లేకపోతే డీజిలంతా బిల్జిలోకి, అంటే బోటు అడుగుకి, పోతుంది. పైన ఈ టీ ఆకారపు పిడి తిప్పితే మూత వస్తుంది. కింద డబ్బా పెట్టి, ఫిల్టర్ కింది గిన్నె అడుగున ఉన్న మర తిప్పి నీళ్ళూ మడ్డీ దించండి. ఎలిమెంట్‌కి తీగ పిడి ఉంటుంది, పట్టుకుని కొద్దిగా మెలిపెడుతూ పైకి లాగండి. వచ్చేసింది, చూశారా? పానా అక్కర్లేదు, చేతులకి కూడా పెద్దగా అంటలేదు. కింద నుంచి విప్పే ఫిల్టర్లలో మోచేతి దాకా డీజిల్ కారుతుంది. ఇది నాకు బాగా నచ్చింది.

ఇక రబ్బర్ల దగ్గర జాగ్రత్తగా వినండి. ఈ ఫిల్టర్ ఉన్నది పీల్చే వైపు. ఇంజన్ ఫీడ్ పంపు ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే దారి అది. ఇక్కడ గాస్కెట్ పాడైతే, ఇంజన్ నడుస్తుండగా డీజిల్ బయటకి కారదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా తడి కనపడదు, ఇంజన్ మాత్రం ఎయిర్ పట్టి ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి పంపు విప్పుతాడు, నోజిళ్ళు విప్పుతాడు, బిల్లు పెరుగుతుంది. తప్పంతా ఈ చిన్న రబ్బరుది. అసలు ఎలిమెంట్‌తో పాటు మూత గాస్కెట్టూ, పిడికి వేసే ఓ-రింగూ వస్తాయి. అవి లేని ప్యాకెట్టు చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి. రెండూ కొత్తవి వేసి, కాస్త డీజిల్ రాసి కూర్చోబెట్టండి. కొత్త ఎలిమెంట్ మెలిపెడుతూ అడుగుదాకా దించి, శుభ్రమైన డీజిల్ అంచుదాకా పోసి, మూత చేత్తోనే బిగించండి. రెంచి ముట్టుకోవద్దు.

నిండా పోశారు కాబట్టి మామూలుగా ఇంజన్ అందుకుంటుంది. అందుకోకపోతే, లేదా ఇంజన్ మీది ఫిల్టర్ కూడా మార్చి ఉంటే, ఎయిర్ తీయాలి. ఆ ఫిల్టర్ తల మీది బ్లీడ్ నట్టు వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చూసి బిగించండి. తరవాత ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అంతే.

ఏ ఎలిమెంట్ కొనాలి? 500కి వచ్చేది 2010 నంబరు. అందులో మూడు రకాలు: ఎరుపు 30 మైక్రాన్లు, నీలం 10, గోధుమరంగు 2. అంకె తగ్గేకొద్దీ అంత సన్నటి మడ్డిని ఆపుతుంది. సన్నంగా వడకడితే మంచిదని 2 కొనేవాళ్ళున్నారు. మన మడ్డి డీజిల్‌కి అది తొందరగా మూసుకుపోతుంది. సన్నటి పని ఇంజన్ మీది ఫిల్టర్ చేస్తుంది. ఇక్కడ నీలం వేయండి, ట్యాంకు మరీ పాతదైతే కొన్నాళ్ళు ఎరుపు వేసి చూడండి.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, లోకల్ కప్పు ఫిల్టర్‌తో పోల్చేంత దగ్గర్లో కూడా లేదు. రెండోది, ఎఫ్‌జీ అనే మోడల్ గిన్నె ప్లాస్టిక్కు. ఇంజన్ రూములో మంట వస్తే ఆ ప్లాస్టిక్కు తట్టుకోదు. ఎంఏ అనే మెరైన్ మోడల్‌లో గిన్నె కింద లోహపు కవచం ఉంటుంది, బోటుకి అదే అడగండి. వాక్యూమ్ మీటరు విడిగా కొనాలి. నన్నడిగితే అది తప్పకుండా పెట్టించండి. ఎలిమెంట్ మూసుకుపోతున్నకొద్దీ ముల్లు పైకి జరుగుతుంది, అంటే ఎప్పుడు మార్చాలో ముందే తెలుస్తుంది.

సోనా బోటు వాళ్ళకి, ముఖ్యంగా రోజుల తరబడి వేటకి వెళ్ళేవాళ్ళకి, కొనమనే నేను చెబుతాను. బయల్దేరే ముందు టార్చి వేసి గిన్నె చూడటం బోటులో పనిచేసే కళాసీ కూడా చేయగలడు, అడుగున నీళ్ళు కనిపిస్తే అక్కడే దించేయొచ్చు. స్పేరు ఎలిమెంట్ ఒకటి రబ్బర్లతో సహా బోటులో ఉంచండి. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసే చిన్న ఫైబర్ బోటుకి ఇంత ఖర్చు అనవసరం. పెట్రోలు అవుట్‌బోర్డు ఉన్నవాళ్ళయితే దీని జోలికే పోకండి, ఇది డీజిల్‌కి మాత్రమే.