చెప్పి రండి, ఓనరుగారూ!

శ్రోతలందరికీ నమస్కారం.

అద్దె ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నవాళ్ళకి కాలింగ్ బెల్ మోగే తీరును బట్టే వచ్చిందెవరో తెలిసిపోతుంది. కొరియర్ అబ్బాయి రెండుసార్లు నొక్కి, మెట్ల మీద నుంచే కేకేస్తాడు. పక్కింటివాళ్ళు ఒకసారి నొక్కి ఆగుతారు. ఓనరుగారైతే బెల్ నొక్కడం, తలుపు గొళ్ళెం తిప్పడం రెండూ ఒకేసారి జరుగుతాయి. "ఏమ్మా, అంతా బాగేనా?" అంటూ లోపలికి వచ్చేస్తారు. పలకరింపు మనకి, చూపు గోడలకి. హాలు పైకప్పు మూల చెమ్మ పెరిగిందా? టీవీ వెనక కొత్త మేకు దిగిందా? పొయ్యి వెనక టైల్స్‌కి పోపు మరకలు పట్టాయా? ఫ్యాను కింద ఎవరూ లేకపోతే స్విచ్ ఆపేసి మరీ వెళ్తారు, ఆ కరెంటు బిల్లు కట్టేది మనమే అయినా సరే. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పుల జతలు లెక్కపెట్టి, "చుట్టాలొచ్చినట్టున్నారే, ఎన్నాళ్ళుంటారేంటి?" అని ఓ మాట వేస్తారు.

ఏడాదికోసారి జరిగితే నవ్వుకుని ఊరుకుంటాం. వారానికోసారి జరిగితే? ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

పెద్ద అపార్టుమెంట్లలో ఈ బాధ తక్కువ. అక్కడ ఓనరు ఏ బెంగుళూరులోనో, డాలస్‌లోనో ఉంటాడు, అద్దె ఖాతాలో పడితే చాలు. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు ఉండే ఇండిపెండెంట్ ఇళ్ళలోనే వస్తుంది చిక్కంతా. హైదరాబాదు కాలనీల్లో, విజయవాడ, విశాఖ, వరంగల్ వీధుల్లో ఇలాంటివే ఎక్కువ. సంపు ఒకటే, మోటారు ఒకటే, గేటు ఒకటే. మనం ఎప్పుడు వచ్చిందీ, ఎప్పుడు వెళ్ళిందీ వాళ్ళకి తెలుసు. మేడ మీద బట్టలారేసే తీగ కూడా ఉమ్మడే.

ముందు ఓనరు వైపు నుంచి చూద్దాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దవాళ్ళు. ఆయన ఆ రెండూ చేసి రిటైరై కూర్చున్నాడు. పీఎఫ్ డబ్బులు, గ్రాట్యుటీ, ఆవిడ నగలు, అన్నీ ఆ గోడల్లోనే ఉన్నాయి. ఇంతకుముందు అద్దెకున్నవాళ్ళు బాత్రూం కుళాయి కారుతున్నా చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటారు, కింద గది పైకప్పు పెచ్చులూడి ఉంటుంది. నలుగురమని చెప్పి ఎనిమిది మంది దిగి ఉంటారు. ఆ భయంతోనే మన తలుపు తడతాడు. ఊరికే తోచక వచ్చేవాళ్ళూ ఉన్నారు. పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఇద్దరే, సాయంత్రం నాలుగు మాటలకు మనుషులు కావాలి. వాళ్ళని తనిఖీకి వచ్చినవాళ్ళ లెక్కలో వేయడం అన్యాయం.

ఇటు అద్దెకున్నవాళ్ళ బాధ చిన్నదేం కాదు. పొద్దున్నుంచీ చాకిరీ చేసి మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాల్చిన ఇల్లాలు ఉలిక్కిపడి లేచి, నైటీ మీద చున్నీ వెతుక్కుంటూ తలుపు దగ్గరికి పరిగెత్తాలి. మంచాన పడ్డ అత్తగారికి గుడ్డలు మారుస్తున్న వేళ పరాయి మనిషి హాల్లో నిలబడతాడు. ఇంటర్ చదివే అమ్మాయి తన గదిలో గడియ పెట్టుకుంటే, "తలుపెందుకమ్మా వేసుకున్నావ్, కిటికీ కింద చెమ్మ చూడాలి" అంటాడు. పిల్లలు గోడ మీద పెన్సిలు గీత గీస్తే అమ్మకు ముందు గుర్తొచ్చేది ఓనరుగారి ముఖం. ఆయన అయిదు నిమిషాలు చూసి వెళ్తాడు, ఇంట్లోవాళ్ళు మాత్రం రోజంతా చెవులు గుమ్మం దగ్గరే పెట్టుకుని బతుకుతారు. ఇల్లు చూడటం వల్ల కాదండీ ఈ హింస, ఎప్పుడు చూస్తారో తెలియకపోవడం వల్ల.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో అద్దె ఒప్పందాలకు పాత పునాది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 108వ సెక్షన్‌లో రెండు వైపులా మాటలున్నాయి. అద్దె కడుతూ షరతుల ప్రకారం నడుచుకుంటున్నంతకాలం అద్దెదారు ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండొచ్చు. అలాగే, తగిన వేళల్లో యజమాని గానీ ఆయన మనుషులు గానీ వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోవడానికి అద్దెదారు ఒప్పుకోవాలి. అంటే "మా ఇంటికి రావడానికి మీకు హక్కే లేదు" అని మనం అనకూడదు, "నా ఇల్లు, నా ఇష్టం, ఎప్పుడైనా వస్తా" అని ఆయనా అనకూడదు. ఆ "తగిన వేళ" ఏమిటన్నదే తగాదా. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్ని ఇంకాస్త విడమరిచింది. రిపేరుకో, ఇల్లు ఎలా ఉందో చూడటానికో రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతలో గానీ ఫోన్‌లో సందేశంగా గానీ చెప్పాలి, ఎందుకొస్తున్నారో, ఏ రోజు, ఏ వేళకో అందులో ఉండాలి, పొద్దు పొడవక ముందూ పొద్దుగుంకాకా రాకూడదు. అగ్నిప్రమాదం, వరద, తుపాను లాంటివి వస్తే ఈ నియమాలేవీ అడ్డం కావు. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే అద్దె ఇళ్ళకు కొత్త చట్టం చేసుకుంది. తెలంగాణకు ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చింది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. చట్టం ఏదైనా, మన చేతిలో ఉండే అసలు కాగితం మనం సంతకం పెట్టే అగ్రిమెంటు.

ఆ అగ్రిమెంటును మనం చదవం. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న లెక్కతో పదకొండు నెలలకు రాస్తారు. జిరాక్స్ షాపు పక్కన స్టాంపు పేపరు మీద పాత నమూనాలో పేర్లు మార్చి టైపు కొట్టిస్తారు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఎంత పట్టుకుంటారు, ఇంతే. ఓనరు ఎప్పుడు రావచ్చో ఒక్క ముక్క ఉండదు. టైపు కొట్టేటప్పుడే ఒక వాక్యం చేర్చమనండి: "అత్యవసరం అయితే తప్ప, ఇల్లు చూడటానికి యజమాని కనీసం ఒక రోజు ముందు ఫోన్ ద్వారా తెలియజేసి, ఇద్దరికీ వీలైన వేళలో రావలెను." ఇల్లు కుదిరే రోజున మంచి మాటలు నడుస్తుంటాయి కాబట్టి దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆరు నెలలయ్యాక, మనసులు చెడ్డాక అడిగితే అదే వాక్యం కయ్యానికి కాలు దువ్వినట్టు వినిపిస్తుంది.

దిగిన రోజు సామాను విప్పకముందే ఇంకో పని ఉంది. ఖాళీ ఇంటిని ఫోన్‌లో వీడియో తీయండి. గోడల చెమ్మ, పగిలిన టైలు, కారే కుళాయి, గీజరు, ఫ్యాన్లు, అటక తలుపు, సింకు కింద పైపు, అన్నీ నిదానంగా. తీసినదాన్ని అదే రోజు ఓనరుగారికి వాట్సాప్‌లో పంపండి. "ఈ మరక మీరొచ్చాకే పడింది" అనే మాటకు అక్కడితో చోటుండదు. ఆయన చీటికీ మాటికీ రావడానికి ఉన్న కారణాల్లో సగం ఆ వీడియోతోనే పోతాయి.

ఇప్పటికే ఏళ్ళ తరబడి అలవాటైపోయినవాళ్ళు ఏం చేయాలి? మన ముఖ్యమైన అడ్డంకి మొహమాటం. ఇంటివాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అని పిలిచాక గుమ్మంలో ఆపడానికి నోరు రాదు. నోరు రావాలి, కానీ నెమ్మదిగా. తలుపు పూర్తిగా తీయకుండా, నవ్వుతూ, "బాబాయిగారూ, ఇప్పుడు వీలుగా లేదండీ. ఆదివారం పొద్దున పదింటికి ఇద్దరం ఉంటాం, అప్పుడు రండి, తీరిగ్గా చూద్దురుగాని" అనండి. ఎందుకు వీలు కాదో చెప్పకండి. "వంట చేస్తున్నానండీ" అంటే "నీ పని నువ్వు చేసుకో అమ్మా, నేను చూసుకుని పోతా" అంటారు. కారణం చెప్తే దాన్ని కొట్టేసే జవాబు వాళ్ళ దగ్గర ఎప్పుడూ సిద్ధం. వీలు లేదు, ఫలానా వేళకు రండి, అంతే. ఆడమనిషి ఒక్కతే ఉన్నప్పుడు ఓనరు పంపాడని ప్లంబరో, పెయింటరో వస్తే, బయటే ఉంచి ఓనరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే తలుపు తీయండి. అది పిరికితనం కాదు, ఇంగితం.

మంచి ఫలితమిచ్చే ఉపాయం ఇంకొకటుంది, విన్నవాళ్ళు మొదట నవ్వుతారు. వాళ్ళు రాకముందే మనమే పిలవాలి. వానాకాలం వెళ్ళగానే ఓ ఆదివారం, "గోడలెలా ఉన్నాయో ఓసారి చూసి వెళ్ళండి" అని కబురు పెట్టండి. టీ ఇవ్వండి. ఇల్లంతా మనమే తిప్పి చూపించండి. చూపిస్తూ మనం రాసిపెట్టుకున్న చీటీ తీయండి: బాత్రూంలో జారుతున్న టైలు, సజ్జ కింద కారుతున్న చోటు, పడని గడియ. "ప్లంబర్ని ఎప్పుడు పంపిస్తారండీ?" అని అక్కడికక్కడే అడగండి. ఇల్లు చూసే హక్కుతో పాటు బాగుచేసే బాధ్యత కూడా ఆయన నెత్తిన ఉంది కదా! వచ్చిన ప్రతిసారీ ఓ రిపేరు ఖర్చు తగులుతుందని తెలిశాక, తోచక వచ్చే ఓనర్లు చాలామంది తోట పనిలో పడతారు.

తాళం చెవుల సంగతి. డూప్లికేట్ చెవి ఓనరు దగ్గర ఉండటం మామూలే, గ్యాసు లీకైతేనో, ట్యాంకు పొంగి ఇల్లు మునిగితేనో పనికొస్తుంది. మనం ఊళ్ళో లేనప్పుడు ఆ చెవితో ఇల్లు తీసి చూశారని తెలిస్తే మాత్రం ఉపేక్షించకండి. ఆ రోజే సందేశం పెట్టండి, మర్యాదగా, తేదీ వేసి: "మేం లేనప్పుడు ఇల్లు తీయవద్దని మనవి." మళ్ళీ జరిగితే తాళం మార్చి, ఆ విషయం ఆయనకు చెప్పి, పాత తాళం కవర్లో పెట్టి దాచండి. ఖాళీ చేసేటప్పుడు అదే బిగించి ఇచ్చేయొచ్చు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఈ తనిఖీలు ఇంకో రకం. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఏడాదికి నాలుగుసార్లకు మించి తనిఖీ చేయకూడదు, ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో అయితే ఇంటి పరిస్థితి చూడటానికి 24 గంటల ముందు రాసి పంపాలి. వినడానికి హాయిగా ఉంది. అక్కడి తెలుగువాళ్ళని అడగండి, ఆ వారం డీఈఓగారు వస్తున్నారని తెలిసిన బడిలా ఉంటుంది ఇల్లు. పొయ్యి చుట్టూ పసుపు మరకలు రుద్దడం, ఇంగువ వాసన పోయేదాకా కిటికీలు తెరిచి పెట్టడం, ఏజెంటు ఫోటోలు తీస్తుంటే పిల్లల్ని పక్కకు లాగడం. అయినా వాళ్ళకి ఓ సుఖం ఉంది. గురువారం పదకొండుకి వస్తారు, పదకొండుంపావుకి వెళ్తారు, ఆ తర్వాత మూడు నెలలు ఇల్లు వాళ్ళది. మనం ఓనరు దగ్గర అడగాల్సింది కూడా అదే.

అన్నీ మంచి మాటలతో తీరవు. అగ్రిమెంటు గడువు దగ్గరపడగానే రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయంటే, ఆయన చూస్తున్నది గోడల్ని కాదు. అద్దె పెంచాలి, లేదా ఖాళీ చేయించాలి. అప్పుడు చెమ్మ గురించి వాదించడం దండగ. "మీ మనసులో ఏముందో చెప్పండి" అని సూటిగా అడిగేయండి. ఎవరినో వెంటబెట్టుకొచ్చి ఇల్లు చూపిస్తుంటే, వారంలో ఒక రోజు, ఓ రెండు గంటలు ఖాయం చేసి చెప్పండి. నీళ్ళు ఆపడం, కరెంటు తీయడం, అరిచి లోపలికి చొరబడటం దాకా వస్తే అది తనిఖీ కాదు. బెదిరించడానికో అవమానించడానికో బలవంతంగా ఇంట్లోకి రావడం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కిందికి రావచ్చు, సొంత ఇల్లైనా సరే. సందేశాలు, ఫోటోలు, తేదీలు దాచుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సలహా దొరుకుతుంది, ఆడవాళ్ళకైతే ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఒక్క తనిఖీ మాత్రం అద్దెకున్నవాళ్ళు పట్టుబట్టి చేయించుకోవాలి, ఖాళీ చేసే రోజుది. సామాను లారీ ఎక్కాక, ఇల్లు ఊడ్చి, ఓనరుగారిని పైకి పిలవండి. దిగిన రోజు వీడియో ఫోన్‌లో తెరిచి పెట్టి, గది గదీ కలిసి చూడండి. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. పెయింటింగుకు ఎంత, పగిలిన సింకుకు ఎంత, అంతా ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్సులో మిగిలింది చేతికో, ఖాతాకో వచ్చాక తాళాలు ఇవ్వండి. "రేపు వేస్తాలే బాబూ" అంటే, "పర్లేదండీ, తాళాలు కూడా రేపే తెచ్చిస్తాం" అనండి.

సెలవు. నమస్కారం.