పాల రంగు సీసా

అందరికీ నమస్కారం. ఎదుట ఎక్కువగా పసిపిల్లల వార్డు సిస్టర్లే కనిపిస్తున్నారు. కాబట్టి మీరు రోజూ చూసే సీసాతోనే మొదలుపెడతాను.

గుండె ఆపరేషన్ అయిన పసికందు. ఛాతీ గొట్టం నుంచి పలచటి పసుపు నీరు వస్తోంది, అదీ తగ్గుతోంది. పాలు పట్టడం మొదలుపెట్టారు. సాయంత్రానికి సీసాలో నీరు తెల్లబడింది. చీము పట్టిందేమోనని కంగారు పడతాం. చీము కాదు, కైల్. పేగులు పీల్చుకున్న కొవ్వును మోసుకెళ్లే లింఫ్ ద్రవం. దాన్ని మెడ దగ్గరి సిరలోకి చేర్చే థొరాసిక్ డక్ట్‌కు ఆపరేషన్‌లో గాయమైతే, అది ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. ఇదే కైలోథొరాక్స్. నూనన్, టర్నర్, డౌన్ సిండ్రోమ్‌లనే జన్యు లోపాలున్న కొందరు పిల్లల్లో ఇది పుట్టుకతోనే రావచ్చు.

రంగును మాత్రం నమ్మకండి. ఇంకా పాలు తాగని బిడ్డలో కైల్ తెల్లగా ఉండదు. పాలు తాగే బిడ్డలో ఆ నీటిలోని ట్రైగ్లిసరైడ్లు, అంటే కొవ్వులు, డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటాయా అని చూస్తాం. తాగని బిడ్డలో ఆ అంకె తక్కువే ఉండవచ్చు, అప్పుడు నీటిలోని కణాల్లో 80 శాతానికి పైగా లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలే ఉండటం దారి చూపిస్తుంది.

గొట్టం వేసి నీరు తీస్తే ఊపిరి ఆడుతుంది. కానీ ఆ సీసాలోకి ప్రొటీన్లు, యాంటీబాడీలు, లింఫోసైట్లు కూడా పోతున్నాయి. ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో గంట గంటకూ రాయమని మేం విసిగించేది అందుకే.

ఇక ఆహారం. "నా పాలు పడలేదా, డాక్టరు గారూ?" అని తల్లి అడుగుతుంది. పాలలో దోషం లేదమ్మా, కొవ్వు వెళ్లే దారి తెగింది, అంతే. మామూలు కొవ్వు లింఫ్ గుండా వెళుతుంది. ఎం.సి.టి. అనే మధ్యస్థ గొలుసు కొవ్వు చాలావరకు నేరుగా కాలేయానికి చేరుతుంది. అందుకే ఎం.సి.టి. పాలపొడి ఇస్తాం. కొబ్బరినూనె చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లమే, అది చాలావరకు లింఫ్ దారినే పడుతుంది.

తల్లిపాలు మానేయాలని కూడా లేదు. వేగంగా గిరగిరా తిప్పే చల్లని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఆ పాలు పెట్టి తిప్పితే మీగడ పైన గట్టిపడుతుంది. కింద నీలిఛాయలో మిగిలిన పాలను సిరంజితో మెల్లగా లాగాలి, మీగడ కదలకూడదు. వాటికి ఎం.సి.టి. నూనె, విటమిన్లు కలపాలి, లేకపోతే బిడ్డ బరువు పెరగదు.

అప్పటికీ తగ్గకపోతే నోటి ఆహారం ఆపి సిరల ద్వారా పోషణ, తర్వాత కైల్ ప్రవాహాన్ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ అనే మందు. ఆ మందు ఇస్తున్నప్పుడు రక్తంలో చక్కెరనూ పొట్ట ఉబ్బరాన్నీ కనిపెట్టుకుని ఉండాలి. డక్ట్‌ను కట్టివేసే ఆపరేషన్ చివరి మాట. చాలామందికి అంతదూరం రాదు.

ఒక పని మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఈ వారాల్లో తల్లి పిండే పాలను పారబోయనివ్వకండి. తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టించండి. గొట్టం తీసేసి, మామూలు పాలు మళ్లీ మొదలుపెట్టే రోజున ఆ పాల సీసాల కోసమే వెతుక్కుంటాం.