ముక్కు నుంచి రక్తం కారితే...

శ్రోతలకు నమస్కారం.

అర్ధరాత్రి పిల్లవాడి ఏడుపు విని దీపం వేసిన తల్లికి దిండు మీద ఎర్రటి మరక, పిల్లవాడి పెదవి మీద రక్తం కనిపిస్తే ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ కంగారులో చాలామంది చేసేది ఒకటే. పిల్లవాడిని వెల్లకిలా పడుకోబెడతారు, లేదా "తల పైకెత్తు" అంటారు. ఈ అలవాటును మాన్పించాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

తల వెనక్కి వంచితే రక్తం ఆగదు. బయటికి రావలసింది గొంతులోకి జారుతుంది. కంటికి కనిపించదు కాబట్టి ఆగిందనుకుంటాం. కడుపులోకి దిగిన రక్తం వికారం పుట్టిస్తుంది. కాసేపటికి పిల్లవాడు ముదురు రంగులో వాంతి చేసుకుంటే ఇంటిల్లిపాదికీ భయం రెట్టింపవుతుంది. అదే రక్తం శ్వాసనాళంలోకి వెళితే పొలమారి ఊపిరాడదు కూడా.

వింటున్న మీరు ఒక్కసారి బొటనవేలు, చూపుడువేలు ముక్కుకు చెరో పక్క పెట్టండి. పైభాగంలో ఎముక గట్టిగా తగులుతుంది. అక్కడ ఎంత నొక్కినా లాభం లేదు. వేళ్లను మెల్లగా కిందికి జార్చండి. ఎముక అయిపోయాక మెత్తగా, నొక్కితే మూసుకుపోయే భాగం వస్తుంది. అదే మనకు కావలసిన చోటు.

అక్కడే ఎందుకంటే, రెండు రంధ్రాల మధ్య ఉన్న గోడ ముందుభాగంలో నాలుగైదు రక్తనాళాల కొసలు వచ్చి కలిసి వలలా అల్లుకుని ఉంటాయి. 1879లో జేమ్స్ లిటిల్ అనే అమెరికా శస్త్రవైద్యుడు దీన్ని వివరించాడు. వైద్యులు ఇప్పటికీ ఆ చోటును లిటిల్స్ ఏరియా అంటారు. ముక్కు నుంచి వచ్చే రక్తస్రావాల్లో సుమారు 90 శాతం ఇక్కడివే. అంటే మన రెండు వేళ్లకు అందే దూరంలోనివే.

కాబట్టి కూర్చోండి. తల కొద్దిగా ముందుకు వంచండి. ఆ మెత్తటి భాగాన్ని రెండు వైపులా కలిపి గట్టిగా పట్టుకుని, నోటితో గాలి పీల్చండి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని మింగకుండా ఉమ్మేయండి. గడియారం చూసుకుని 10 నుంచి 15 నిమిషాలు వేళ్లు తీయకండి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. రెండు నిమిషాలకే ఆగిందో లేదో చూద్దామనిపిస్తుంది. వేళ్లు తీస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం కదిలి మళ్లీ మొదటికొస్తుంది. దయచేసి మధ్యలో చూడకండి. పిల్లలైతే పెద్దవాళ్లే పట్టుకుని, ఏదైనా కథ చెబుతూ ఉంటే వాళ్లూ కుదురుగా కూర్చుంటారు.

రక్తం ఆగాక ఆ రోజంతా ముక్కు చీదకూడదు, వేలు పెట్టకూడదు, బరువులెత్తకూడదు.

ఇంతకూ ఎందుకు కారుతుంది? ఎక్కువసార్లు కారణం చిన్నదే. పొడిగాలికి లోపలి పలుచని పొర ఎండి పక్కు కడుతుంది. దాన్ని గోటితో గీకితే కింద ఉన్న రక్తనాళం చిట్లుతుంది. జలుబు, అలర్జీ, అదేపనిగా చీదడం, ముక్కు స్ప్రేను మధ్య గోడకు తగిలేలా కొట్టడం కూడా కారణాలే. చిన్నపిల్లల్లో ఒకే రంధ్రం నుంచి దుర్వాసనతో చీము, రక్తం వస్తుంటే లోపల గింజో పూసో ఇరుక్కుందేమో అనుమానించాలి. దాన్ని ఇంట్లో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, వైద్యుడే తీయాలి. తరచుగా ఎండిపోయే ముక్కుకు ఉప్పునీటి చుక్కలు, రంధ్రాల అంచున కాస్త వాజెలిన్ చాలావరకు మేలు చేస్తాయి. పిల్లల గోళ్లు కత్తిరించి ఉంచడం అంతకంటే సులువైన జాగ్రత్త.

పెద్దవయసువారి విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వారిలో రక్తం ముక్కు వెనుకభాగం నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. అది వేళ్ల ఒత్తిడికి అందదు, గొంతులోకి ధారగా దిగుతుంది. రక్తపోటు ఎక్కువగా ఉన్నా, ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నా రక్తం ఆగడం కష్టమవుతుంది. అలాగని గుండె కోసం ఇచ్చిన మందును సొంతంగా ఆపేయకండి. ఆపాలో వద్దో వైద్యుడే చెప్పాలి.

అరగంట దాటినా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా, కళ్లు తిరుగుతున్నా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చిగుళ్ల నుంచి కూడా రక్తం వస్తున్నా, ఒంటిమీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తున్నా రక్తపరీక్ష తప్పనిసరి. ఆసుపత్రిలో చిట్లిన చోటును మందుతో కాల్చి మూస్తారు, లేదా ముక్కులో ప్యాకింగ్, అంటే లోపలి నుంచి అదిమి రక్తాన్ని ఆపే గుడ్డలాంటిది, పెడతారు. ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా కూర్చునే ఉండండి, తల ముందుకే వంచి ఉంచండి, నొక్కిన వేళ్లు తీయకండి.

నమస్కారం.