ఆయన మారరు, మరి నేనేం చేయను? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

(ప్రసారమైన కార్యక్రమానికి అక్షర రూపం. ఫోన్ చేసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.)

యాంకర్: నమస్కారం. ఈ గంట మీది. భార్యాభర్తల మధ్య నలుగుతున్న విషయాలేవైనా అడగండి, మన ఫ్యామిలీ కౌన్సిలర్ మేడమ్ జవాబు చెప్తారు. పోయిన వారం వచ్చిన మెసేజ్‌లు చూస్తే ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "మా ఆయన్ని ఎలా మార్చుకోవాలి", "మా ఆవిడని దారిలో పెట్టడం ఎలా". అందుకే ఈ రోజంతా దాని మీదే. మేడమ్, నమస్కారం.

కౌన్సిలర్: నమస్కారమండీ. ఈ ప్రశ్న నా దగ్గరికి రోజూ వస్తుంది. పైకి అడిగేది అదే గానీ, లోపల ఇంకోటి ఉంటుంది. "ఇలాంటి మనిషితో నేను సంతోషంగా ఉండగలనా?" అని. నేను జవాబు వెతికేది దానికి.

యాంకర్: మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

కాలర్ 1: నమస్తే మేడమ్. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. మా ఆయన మంచివారే, చెడు అలవాట్లేం లేవు. కానీ మాట్లాడరు. "ఏమైంది, అలా ఉన్నారు" అంటే "ఏం లేదు" అంటారు. మళ్లీ అడిగితే "ఏం లేదన్నాగా". మూడోసారి అడిగితే లేచి వేరే గదిలోకి వెళ్లిపోతారు. ఎన్నో వీడియోలు పంపాను. రోజూ అరగంట మాట్లాడుకోవాలని ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం కూడా. నాలుగు రోజులు చేశారు. అదీ పరీక్ష రాస్తున్నట్టు.

కౌన్సిలర్: ఆ నాలుగు రోజులూ మీకెలా అనిపించిందమ్మా?

కాలర్ 1: నిజం చెప్పాలంటే ఇంకా ఒంటరిగా అనిపించింది. నేను అడిగాను కాబట్టి కూర్చున్నారు, అంతే కదా అనిపించింది.

కౌన్సిలర్: అవును, పోరి చేయించుకున్నది మనసుకి ఆనదు. మీరు చెప్పినదాన్ని మేం వెంటపడటం, తప్పుకోవడం అంటాం. మీరు ఎంత అడిగితే ఆయన అంత ముడుచుకుంటారు, ఆయన ఎంత ముడుచుకుంటే మీరు అంత అడుగుతారు. మొదలుపెట్టింది ఎదుటివాళ్లేనని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ జంటల్లో ఈ తీరు మీద చాలా ఏళ్లు పరిశోధన చేశారు. ఇంకో విషయం కూడా ఉంది. తన ఇష్టం మీద ఎవరో చెయ్యి వేస్తున్నారనిపిస్తే మనిషి ఎదురు తిరుగుతాడు, మంచి చెప్పినా సరే. జాక్ బ్రెహ్మ్ 1966లో చెప్పిన సిద్ధాంతం ఇదే. మీరు పంపిన వీడియోలు ఆయన చూడకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాకపోవచ్చు. సరే, ఒకటి అడుగుతాను. ఆయన మనసు బాగోలేదని మీకెలా తెలుస్తుంది?

కాలర్ 1: ఏదో ఒకటి విప్పి కూర్చుంటారు మేడమ్. ఫ్యానో, ఇస్త్రీపెట్టో. పేపర్ పరిచి స్క్రూలన్నీ చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క వరసగా పెట్టుకుంటారు. మా మామగారి ఆపరేషన్ సంగతి తెలిసిన రోజు, బాగా తిరుగుతున్న ఫ్యాన్‌ని దింపి రెక్కలు తుడుస్తూ కూర్చున్నారు.

కౌన్సిలర్: అప్పుడు మీరేమన్నారు?

కాలర్ 1: "ఇప్పుడీ పనేంటి, ముందు నాతో మాట్లాడండి" అన్నాను. లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ స్క్రూలు రెండు రోజులు పేపర్ మీద అలాగే ఉన్నాయి.

కౌన్సిలర్: మీరు తప్పు చేశారని నేననను. మీకు భయం వేస్తే మాట కావాలి. ఆయనకి భయం వేస్తే చేతికి పని కావాలి. ఆ రోజు మీ ఇంట్లో ఇద్దరూ భయపడుతున్నారమ్మా, ఒకే మనిషి గురించి.

యాంకర్: అంటే ఆమె ఇక అడగడం మానేసి ఊరుకోవాలా మేడమ్? వింటున్నవాళ్లకి ఈ సందేహం వస్తుంది.

కౌన్సిలర్: ఊరుకోవడం వేరు, మనిషిని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం వేరండీ. ఊరుకున్నవాళ్లు లోపల లెక్క రాసుకుంటూనే ఉంటారు, ఏదో ఒక రోజు ఆ పద్దులన్నీ బయటికి తీస్తారు. ఒప్పుకున్నవాళ్లు ఆ లెక్క రాయడమే ఆపేస్తారు. అది తేలిక కాదు, ఎందుకంటే అందులో ఒక నష్టం ఉంది. దాన్ని చెప్పడానికి అందరూ మొహమాటపడతారు. అమ్మా, గుమ్మంలో అడుగు పెట్టగానే "ఈ రోజు ఏం జరిగిందో తెలుసా" అని గలగలా మాట్లాడే భర్త కోసం మీరు తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆ మనిషి రాకపోవచ్చు. దానికి ఏడుపొస్తే ఏడవండి. ఆ దిగులు తీరకుండా, ఇంట్లో ఉన్న మనిషి సరిగ్గా కనిపించడు.

(కాసేపు నిశ్శబ్దం)

కాలర్ 1: నాకిలా ఎవరూ చెప్పలేదు మేడమ్. అందరూ "మారతాడులే" అన్నారు.

కౌన్సిలర్: పాపం, మంచికే అంటారు. కానీ ఆ మాట మిమ్మల్ని ఎదురుచూపుల్లోనే కూర్చోబెట్టింది. ఈసారి ఆయన పేపర్ పరిచినప్పుడు పక్కన కూర్చోండి. ఏమీ అడగొద్దు. స్క్రూడ్రైవర్ అందించండి, లేదంటే మీ పనేదో మీరు చేసుకోండి. కొంతమందికి ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలదు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో నాలుగు మాటలు వస్తాయి. రాకపోతే రాలేదు. ఇక మీకు నిజంగా మాట అవసరమైన రోజు సూటిగా అడగండి. "మీరెప్పుడూ మాట్లాడరు" అని కాదు. "నాకు భయంగా ఉంది, పది నిమిషాలు వినండి, సలహా చెప్పొద్దు" అనండి. మీ స్వభావం మార్చుకోండి అంటే ఎవరైనా ఏం చేస్తారు? పది నిమిషాలు ఇవ్వమంటే మాత్రం ఇవ్వగలరు. అలాగే మీ కబుర్లన్నిటికీ ఆయన ఒక్కరే దిక్కు కానక్కర్లేదు. అక్కో, స్నేహితురాలో ఉంటే వాళ్లతో చెప్పుకోండి.

కాలర్ 1: ఇలా చేస్తే ఆయన మారతారా మేడమ్?

కౌన్సిలర్: మీరు అలా అడగడం సహజమే. మారొచ్చు, మారకపోవచ్చు. ఇందాక చెప్పిన క్రిస్టెన్సెన్, నీల్ జేకబ్సన్ అనే ఇంకో సైకాలజిస్ట్‌తో కలిసి జంటల కోసం ఒక చికిత్సా పద్ధతి తయారుచేశారు. అప్పటిదాకా "నువ్విది మార్చుకో, నేనది మార్చుకుంటాను" అనే ఒప్పందాలే ఎక్కువ. వీళ్లు దానికి ఒకరినొకరు ఒప్పుకోవడాన్ని కలిపారు. బాగా గొడవపడుతున్న 134 జంటల్లో కొందరికి పాత పద్ధతి, కొందరికి కొత్త పద్ధతి ఇచ్చి చూశారు. మొదటి ఫలితాలు 2004లో వచ్చాయి. చికిత్స అయిన ఐదేళ్లకి చూస్తే రెండు పద్ధతుల్లోనూ సుమారు సగం జంటలు మొదటికంటే స్పష్టంగా బాగున్నాయి, నాలుగో వంతుకి పైగా విడిపోయారు. కాబట్టి ఇదేం మంత్రం కాదమ్మా, ఆయన తప్పకుండా మారతారని నేను మీకు చెప్పలేను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో, ఒత్తిడి తగ్గాక తమంతట తాము కదిలినవాళ్లని చూశాను. కానీ "నేను ఒప్పుకుంటే ఆయన మారతారు" అనుకుని ఒప్పుకుంటే అది పాత ఒత్తిడే. మనం పైకి చెప్పకపోయినా ఎదుటివాళ్లకి అది తెలిసిపోతుంది.

కాలర్ 1: సరే మేడమ్. పక్కన కూర్చుంటాను.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్. చెప్పండి సార్.

కాలర్ 2: నమస్తే. నాది చిన్న సమస్యే మేడమ్. మా ఆవిడ ఎక్కడికీ టైమ్‌కి బయల్దేరదు. పదమూడేళ్లుగా చెప్తూనే ఉన్నాను. గేటు దగ్గర నిలబడి ఎదురుచూడటం అంటేనే నాకు టెన్షన్ మొదలవుతుంది.

కౌన్సిలర్: అక్కడ నిలబడి ఏమంటారు?

కాలర్ 2: "ఇంకా ఎంతసేపు" అంటాను. గట్టిగానే.

కౌన్సిలర్: ఆమె ఆలస్యం చేస్తే మీ మనసుకి ఏమనిపిస్తుంది?

కాలర్ 2: నా మాటంటే లెక్క లేదనిపిస్తుంది.

కౌన్సిలర్: ఆ మాట ఎప్పుడైనా చెప్పారా?

కాలర్ 2: లేదు మేడమ్. అలా ఎప్పుడూ చెప్పలేదు.

కౌన్సిలర్: చెప్పండి, గేటు దగ్గర కాదు, తీరిగ్గా ఉన్నప్పుడు. జాన్ గాట్‌మన్ అనే ఆయన సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జంటల మాటతీరుని ఏళ్ల తరబడి గమనించారు. ఆయన లెక్క ప్రకారం భార్యాభర్తల గొడవల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ తేలనివే. స్వభావాల తేడాలోంచి వస్తాయి కాబట్టి అవి పోవు. సుఖంగా ఉన్న జంటలకీ ఉంటాయి, కాకపోతే వాళ్లు ఒకరినొకరు చులకన చేసుకోకుండా గొడవపడతారు. మాట ఎలా మొదలైందన్నదీ ముఖ్యమే. కొత్తగా పెళ్లయిన 124 జంటల మీద ఆయన, సిబిల్ కరేర్ కలిసి చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఎవరు విడిపోయే అవకాశం ఉందో, వాళ్ల వాదనలో మొదటి మూడు నిమిషాలు చూసి చాలావరకు చెప్పగలిగారు. మీ మూడు నిమిషాలు "ఇంకా ఎంతసేపు"తో మొదలవుతున్నాయి. తప్పనిసరిగా టైమ్‌కి ఉండాల్సిన చోటికి మీరు ముందు వెళ్లండి, ఆమె వెనకాల వస్తారు. మిగతా చోట్లకి పావుగంట ఆలస్యం మీ ఇద్దరి లెక్కలో వేసుకోండి.

యాంకర్: ఇంకో కాల్ ఉంది. హలో? కొంచెం గట్టిగా మాట్లాడండమ్మా.

కాలర్ 3: గట్టిగా మాట్లాడలేను అండి. మేడమ్, ఒప్పుకోవాలి అంటున్నారు కదా. మా ఆయనకి కోపం వస్తే చెయ్యి చేసుకుంటారు. తర్వాత సారీ చెప్తారు. మా వాళ్లేమో "ఆయన స్వభావం అంతే, సర్దుకుపో" అంటున్నారు. నేను కూడా అలా...

కౌన్సిలర్: వద్దమ్మా, వద్దు. ఇంతసేపూ నేను చెప్పినదేదీ మీకు కాదు. మాట తక్కువ, ఆలస్యం, చిందరవందర, ఇవి మనిషి తీరు. కొట్టడం, బెదిరించడం, చేతికి డబ్బు అందనివ్వకపోవడం, ఫోన్ లాక్కోవడం, ఇవి తీరు కాదు. మీ మీద చేస్తున్న దౌర్జన్యం. మీరు సర్దుకుంటే ఆగేవి కావు, మీ వల్ల మొదలైనవీ కావు. ఆయన ఇప్పుడు ఇంట్లో ఉన్నారా?

కాలర్ 3: లేరు. గంటలో వస్తారు.

కౌన్సిలర్: అయితే లైన్‌లోనే ఉండండి, ప్రసారంలో కాకుండా మా టీమ్‌లో ఒకరు మీతో మాట్లాడతారు. ఈలోపు ఇది వినండి. మీరు నమ్మే ఒక్క మనిషికైనా జరుగుతున్నది ఉన్నదున్నట్టు చెప్పండి. ముఖ్యమైన కాగితాలు, కొంత డబ్బు చేతికందేలా పెట్టుకోండి. ఇల్లు విడిచి వెళ్లాలనుకుంటే ఆ సంగతి ఆయనకి ముందు చెప్పకండి, ప్రమాదం పెరిగేది చాలాసార్లు అప్పుడే. మాట్లాడటం అయ్యాక ఈ నంబర్ కాల్ లిస్టులోంచి తీసేయండి. ఫోన్ చేసి మంచి పని చేశారమ్మా.

యాంకర్: కాల్ మా టీమ్‌కి కలిపాం.

కౌన్సిలర్: వింటున్న పెద్దవాళ్లకి ఒక్క మాట. ఆడపిల్ల వచ్చి చెప్పుకున్నప్పుడు "సర్దుకుపో" అనేముందు, అసలు ఏం జరుగుతోందో పూర్తిగా అడగండి. దయచేసి అడగండి.

యాంకర్: చివరి కాల్. నమస్తే సార్.

కాలర్ 4: నమస్తే మేడమ్. నేను రెండో వైపు మనిషిని. మా ఆవిడ ఐదేళ్లుగా నన్ను మార్చాలని చూస్తోంది. మీరు చెప్పినవి విని ఆమెని కూడా వినమన్నాను. నేనింతే, నన్నిలాగే ఒప్పుకోవాలి కదా?

కౌన్సిలర్: ఏం మార్చుకోమంటున్నారు?

కాలర్ 4: అరుస్తానంటుంది. మా బాబుని చదివించేటప్పుడు. కొట్టను, ఎప్పుడూ కొట్టలేదు. గొంతు లేస్తుంది అంతే. మా నాన్నదీ అదే గొంతు.

కౌన్సిలర్: ఆయన అరిచినప్పుడు మీరెక్కడ ఉండేవారు?

కాలర్ 4: (ఆగి) బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని కూర్చునేవాణ్ణి. వినపడకుండా.

కౌన్సిలర్: మీ బాబు ఏం చేస్తాడు?

కాలర్ 4: పెన్సిల్ చెక్కుతాడు. నేను మొదలుపెట్టగానే చెక్కడం మొదలుపెడతాడు. మొన విరిగేదాకా చెక్కి, మళ్లీ చెక్కుతాడు.

కౌన్సిలర్: ఆఫీసులో మీ పై అధికారి మీద ఎప్పుడైనా ఇలా గొంతు లేచిందా?

కాలర్ 4: లేదు మేడమ్.

కౌన్సిలర్: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. గొంతు పుట్టుకతో వచ్చిందే అనుకుందాం. ఎవరి మీద లేపాలి, ఎవరి ముందు దించాలి అన్నది పుట్టుకతో రాలేదుగా. ఒప్పుకోవడం ఎదుటివాళ్లు ఇస్తే పుచ్చుకోవాలండీ, వసూలు చేసుకునేది కాదు. "నేనింతే" అంటే ఆమె మొహం మీద తలుపు వేసినట్టే. క్యారిల్ రస్‌బల్ట్, స్టీఫెన్ డ్రిగోటస్ అనే సైకాలజిస్టులు, ఇంకొందరు కలిసి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. దానికి ఇటలీ శిల్పి మైకెలాంజెలో పేరు పెట్టారు, రాతిలో దాగి ఉన్న బొమ్మని శిల్పి బయటికి తీస్తాడన్న ఊహతో. కలిసి బతికేవాళ్లు ఎటూ ఒకరినొకరు చెక్కుకుంటూనే ఉంటారు. మీరు ఎలా ఉండాలని మీరే కోరుకుంటున్నారో అటువైపు మీవాళ్లు సాయం చేస్తే మీరూ ఎదుగుతారు, బంధమూ బాగుంటుందని వాళ్లు చూపించారు. అందుకే అడుగుతున్నాను. మీ ఆవిడ సంగతి పక్కన పెట్టండి. మీకు ఎలా ఉండాలని ఉంది?

కాలర్ 4: (చాలాసేపు ఆగి) వాడు నా ముందు పెన్సిల్ చెక్కకుండా ఉంటే చాలు మేడమ్.

కౌన్సిలర్: మీ ఆవిడ అడుగుతున్నదీ అదే కదండీ. ఇవాళ ఆమెకి ఏం చెప్తారు?

కాలర్ 4: ఇకనుంచి అరవనని చెప్తాను.

కౌన్సిలర్: నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. మీ గొంతు లేవబోతోందని ఆమెకి ముందే తెలుస్తుందా?

కాలర్ 4: తెలుస్తుంది. నా చెవులు ఎర్రబడతాయంటుంది.

కౌన్సిలర్: అయితే?

కాలర్ 4: "నా చెవులు ఎర్రబడితే భుజం మీద చెయ్యి వెయ్యి, నేను లేచి బయటికి వెళ్తాను. ఆ రోజుకి నువ్వు చదివించు" అని చెప్తాను.

కౌన్సిలర్: మొదటిది బాగుంది. చివరిది చెప్పకండి, అడగండి. ఆమెకీ ఓపిక ఉండాలి కదా.

కాలర్ 4: సరే. "ఆ రోజుకి నువ్వు చదివిస్తావా" అని అడుగుతాను. ఆమె ఇక్కడే ఉంది మేడమ్, వింటోంది.

యాంకర్: మాట్లాడతారేమో అడగండి సార్.

కాలర్ 4: (పక్కకి తిరిగి) మాట్లాడతావా? (ఆగి) వద్దంటోందండీ. ఫోన్ పెట్టేసి రమ్మంటోంది.

కౌన్సిలర్: అయితే పెట్టేయండి. వెళ్లండి.