కాలిఫోర్నియాలో గూన పెంకుల ఇళ్లు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇళ్లు నేను చూశాను. తెల్ల గోడలు, కమాను గుమ్మం, పైన ఎర్ర పెంకులు. మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు కారు దిగీ దిగకముందే పైకి చూసి, "ఇదేమిట్రా, మన గూన పెంకులే!" అంది. ఊళ్లో అవి పీకించి స్లాబు వేయించుకున్నాం. ఇక్కడ వాటికే ముచ్చటపడుతున్నాం.

ఈ పద్ధతి పేరు స్పానిష్ కలోనియల్ రివైవల్. పేరు వింటే స్పెయిన్ వాళ్ల రోజుల నుంచీ ఇలాగే కడుతున్నారనిపిస్తుంది. కాదు. 1769 నుంచి 1823 దాకా ఫ్రాన్సిస్కన్ అనే కాథలిక్ సన్యాసులు ఈ రాష్ట్రంలో 21 మిషన్లు, అంటే మతప్రచార కేంద్రాలు, నెలకొల్పారు. చాలావాటికి పచ్చి ఇటుకల గోడలే. పచ్చి ఇటుక ఎక్కువ బరువు ఆపలేదు, అందుకే గోడ అంత మందం. కిటికీ పెద్దదైతే గోడ బలం తగ్గుతుంది, అందుకే చిన్న కిటికీలు. వానకు కరిగిపోతుంది, అందుకే సున్నం పూత. ఆ మట్టి తొక్కిందీ, ఇటుకలు మోసిందీ స్థానిక ఆదివాసులు. మిషన్‌లో చేరినవాళ్లు పారిపోతే సైనికులు పట్టి తెచ్చేవారు. అంటురోగాలకు వేలమంది పోయారు. పెంకుల్ని వాళ్ల తొడల మీద వంచేవారని గైడ్లు చెబుతుంటారు. నమ్మకండి, చెక్క అచ్చులుండేవి. అయినా అన్ని తొడలూ ఒకే కొలతలో ఉంటాయా?

1834 తర్వాత మిషన్లు పాడుబడ్డాయి. 1880ల్లో రైళ్లెక్కి తూర్పు నుంచి జనం వచ్చారు, స్థలాల బేరాలు మొదలయ్యాయి. అప్పుడు ఆ శిథిలాలు అందంగా కనిపించాయి. 1915లో పనామా కాలువ పేరు మీద శాన్ డియేగోలో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. దాని ముఖ్య ఆర్కిటెక్ట్ బెర్ట్రమ్ గుడ్‌హ్యూ మెక్సికో చర్చిలను చూసొచ్చినవాడు. గోడంతా బోసిగా వదిలేసి, నగిషీ అంతా గుమ్మం చుట్టూ కుమ్మరించాడు. జనం ఫిదా అయిపోయారు.

1925 జూన్ 29న శాంటా బార్బరాలో భూకంపం వచ్చింది. ఊరి నడిబొడ్డున భవనాలు చాలా దెబ్బతిన్నాయి. మళ్లీ కట్టేటప్పుడు అంతా ఇదే పద్ధతిలో కట్టాలని పెద్దలు పట్టుబట్టారు. 1929లో పూర్తయిన అక్కడి కోర్టు భవనం తప్పకుండా చూడండి.

నాకు నవ్వొచ్చేది ఇక్కడే. పచ్చి ఇటుక భూకంపానికి ఆగదు. కాబట్టి ఇప్పటి ఇళ్లు చూడ్డానికే మట్టి గోడలు, లోపల కర్ర చట్రం, దానిమీద ఇనప జాలీ, స్టకో అనే సిమెంటు పూత. ఇంటికెళ్లి ఒకసారి గోడ మీద తట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. కొన్ని ఇళ్లల్లో కిటికీ దగ్గర మాత్రం రెండు వరసల కర్రలు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి, గోడ మందంగా ఉన్నట్టు చూపిస్తారు. గోడకు ఆ మందంతో పనే లేదు, మన కంటికే కావాలి.

పెంకులూ అంతే. చాలా ఇళ్ల మీదున్నది సిమెంటుది. వెల్లకిలా ఒకటి, బోర్లా ఒకటి పేర్చినట్టు కనిపించినా అది ఒకే ముక్క. చూరు దగ్గర పిట్టలు దూరకుండా సందులు మూసేస్తారు, ఆ బిళ్లకు బర్డ్ స్టాప్ అనే పేరు కూడా ఉంది. మా అమ్మకు మా ఇంట్లో నచ్చనిది అదొక్కటే. "పిచ్చుకలు గూడు ఎక్కడ పెట్టుకుంటాయిరా?" అని అడిగింది.